సముద్రానికీ షిఫ్టులున్నాయి

జంషెడ్‌పూర్ నగరానికి కొండలున్నాయి, అడవి ఉన్నది, రెండు నదులున్నాయి. ఉత్తరాన దల్మా పర్వతశ్రేణి. ఊరి అంచున దోముహానీ వద్ద ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలుస్తుంది. లేనిది సముద్రమొక్కటే. ఆ లోటును తీర్చే దారి కూడా సువర్ణరేఖే చూపుతున్నది. ఉక్కు కర్మాగారం ప్రక్కగా సాగిన ఆ నది ఆగ్నేయదిశగా ప్రవహించి, ఒడిశాలోని బాలాసోర్ జిల్లాలో బంగాళాఖాతాన్ని చేరుతుంది. దాని ముఖద్వారానికి ఒకవైపున బెంగాల్ తీరంలో దీఘా, మరొకవైపున ఒడిశా తీరంలో చాందీపూర్ ఉన్నాయి. రెండు దినాల సెలవు దొరికిన జంషెడ్‌పూర్ కుటుంబం సాధారణంగా ఈ రెండింటిలో ఒకదానిని ఎంచుకుంటుంది.

ఆ రెండు దినాలు దొరకడమే ఒక విశేషం. 1907లో కంపెనీ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు పోతపోసి, 1919లో జంషెట్‌జీ టాటా పేరు పెట్టుకున్న ఈ నగరం నాటినుండి నేటివరకు గడియారాన్ని నమ్ముకొని బ్రతుకుతున్నది. ఉదయం ఆరింటికి ఒక షిఫ్టు, మధ్యాహ్నం రెండింటికి మరొకటి, రాత్రి పదింటికి వేరొకటి. తండ్రి ఇంటికి వచ్చేసరికి పిల్లలు బడిలో ఉంటారు. పిల్లలు వచ్చేసరికి ఆయన నిద్రలో ఉంటాడు. అందరూ ఒకేచోట మేలుకొని ఉండే సమయాన్ని వెదకి పట్టుకోవలసిన ఊరు అది.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుండి పనికోసం వచ్చి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో తరాలుగా ఉన్నాయి. బిష్టుపూర్‌లో వారు నిలుపుకున్న శ్రీరామ మందిరం ఉన్నది. ఇటువంటి ఇండ్లలో పెద్దవారికి సముద్రం క్రొత్త కాదు. కళింగపట్నం, బారువ, భీమిలి తీరాల హోరు వారి బాల్యంలోనే చెవిని పడినది. పిల్లలకు మాత్రం సముద్రమంటే వేసవి సెలవుల్లో తాతగారి ఊరు వెళ్ళినప్పుడు చూచే వింత. కనుక చాందీపూర్ ప్రయాణమంటే పెద్దవారు ధైర్యంగా ముందు నడుస్తారు. జాగ్రత్తపడవలసినది సరిగా ఇక్కడే. ఎందుకంటే, సముద్రం అదే అయినా దాని స్వభావం ఆ తీరంలో వేరు.

రెండు తీరాలు, రెండు స్వభావాలు

దీఘా పాతకాలపు విడిది. వారన్ హేస్టింగ్స్ నాటికే బీర్కుల్ అనే పేరుతో కలకత్తాలోని ఆంగ్లేయులు ఎండలకు తాళలేక వెళ్ళే చోటు అది. స్వాతంత్ర్యానంతరం ముఖ్యమంత్రి బిధాన్‌చంద్ర రాయ్ చొరవతో పర్యాటక కేంద్రంగా పెరిగింది. 2025 ఏప్రిల్ 30న అక్కడ జగన్నాథాలయం ప్రారంభమైన తరువాత యాత్రికుల రద్దీ కూడా తోడయినది. అలలు, అంగళ్ళు, జనసందడి కోరేవారికి దీఘా తగినది.

చాందీపూర్ సద్దులేని ఊరు. జంషెడ్‌పూర్ నుండి ఘాట్‌శిల, బహరాగోడా, బారిపదా మీదుగా సాగే 18వ నంబరు జాతీయ రహదారి నేరుగా బాలాసోర్‌కు చేరుస్తుంది; దూరం సుమారు 200 కిలోమీటర్లు. అక్కడినుండి తీరానికి మరొక 15 కిలోమీటర్లు. రైలులో వెళ్ళదలచినవారు ఖరగ్‌పూర్ మీదుగా బాలాసోర్ చేరవచ్చు. వార్తాపత్రికలు చదివేవారికి ఆ పేరు మరొక కారణంచేత పరిచితమే. 1989 మే 22న అగ్ని క్షిపణిని తొలిసారిగా ప్రయోగించినది చాందీపూర్ నుండే. అయితే సెలవుకు వెళ్ళే కుటుంబాన్ని ఆకర్షించేది క్షిపణి కాదు, మాయమయ్యే సముద్రం.

ప్రొద్దున కిటికీ తెరచి చూస్తే గట్టుదాకా నీరు. ఫలహారం ముగించి వచ్చేసరికి కనుచూపు మేర తడి ఇసుక, దానిపై ఎర్రని చిన్న పీతల పరుగులు, దూరాన ఒక వెండి గీత. ఆటు సమయంలో నీరు ఐదు కిలోమీటర్ల వరకు వెనుకకు పోతుందని చెబుతారు. “సముద్రం ఎక్కడికి పోయింది, నాన్నమ్మా?” అని మనుమడు అడిగితే, “షిఫ్టు దిగిపోయిందిరా నాయనా, మళ్ళీ వస్తుంది” అని ఉక్కునగరపు నాన్నమ్మ చెప్పగలిగిన సమాధానం ఒక్కటే. ఆ సమాధానంలో శాస్త్రం కూడా ఉన్నది.

నీరు ఎందుకు పోతున్నది?

చంద్రుని ఆకర్షణ, కొంతమేరకు సూర్యుని ఆకర్షణ వలన సముద్రం పొంగి తగ్గుతుంది. మన తూర్పుతీరంలో ఇది దినానికి రెండుమార్లు జరుగుతుంది. పోటునుండి ఆటుకు, ఆటునుండి పోటుకు ఆరు గంటల పైచిలుకు పడుతుంది. అమావాస్య, పౌర్ణమి ప్రాంతాల్లో సూర్యచంద్రుల బలం కలిసివచ్చి పోట్లు పెద్దవవుతాయి; అష్టమి ప్రాంతాల్లో తగ్గుతాయి. ఇంతవరకు అన్ని తీరాలకూ ఒకటే.

భేదం రెండు విషయాల్లో ఉన్నది. విశాఖపట్నం వద్ద పెద్ద పోటుకు, ఆటుకు నడుమ నీటిమట్టంలో తేడా సుమారు ఒకటిన్నర మీటరు. బంగాళాఖాతం ఉత్తరాన సన్నబడి, లోతు తగ్గిపోవడంచేత అటు పోయినకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. హుగ్లీ ముఖద్వారంలోని సాగర్ ద్వీపం వద్ద అది నాలుగు మీటర్లను మించుతుంది. రెండవది నేల వాలు. విశాఖ తీరంలో నాలుగు అడుగులు వేస్తే నడుము లోతు వస్తుంది. చాందీపూర్ వద్ద నేల పళ్ళెంవలె చదునుగా ఉంటుంది. కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున వాలిన నేలమీద నీరు మూడు మీటర్లు తగ్గితే మూడు కిలోమీటర్ల ఇసుక బయటపడక తప్పదు. మాయ అంతా ఇంతే.

కనిపించని అపాయం

కళింగపట్నం తీరంలో పెరిగినవారికి అపాయం కంటికి కనిపిస్తుంది. అల లేస్తుంది, విరుగుతుంది, లాగుతుంది. చూచినవాడు వెనుకకు జరుగుతాడు. చాందీపూర్‌లో అటువంటి హెచ్చరిక లేదు. నీరు మోకాలి లోతున, చప్పుడు లేకుండా తిరిగి వస్తుంది. అది మనిషిని తరమదు. పెద్దవారు నడిచే వేగంకంటె దాని వేగం తక్కువే. అపాయం మరొకచోట ఉన్నది. చదునుగా కనిపించే ఆ ఇసుకలో పల్లాలు, కాలువలు ఉంటాయి. తిరిగివచ్చే నీరు ముందుగా వాటినే నింపుతుంది. పిల్లలతో గవ్వలు ఏరుతున్నవారికి ఎదుట నీరు దూరంగానే ఉన్నట్లుంటుంది. ఈలోగా వెనుక, తీరానికీ తమకూ మధ్య కాలువ నిండుతుంది. దానికితోడు కొన్నిచోట్ల అడుసు కాళ్ళను పట్టుకుంటుంది. మసక చీకటి పడితే గట్టు ఏ దిక్కున ఉన్నదో తెలియదు.

నావికులు తరతరాలుగా వాడుతున్న లెక్క ఒకటి ఉన్నది. పోటు వచ్చే ఆరు గంటల్లో మొదటి గంటలో పెరిగేది మొత్తంలో పన్నెండవ వంతు మాత్రమే. రెండవ గంటలో రెండు వంతులు. మూడవ, నాలుగవ గంటల్లో మూడేసి వంతులు. ఆపైన మళ్ళీ రెండు, ఒకటి. అనగా మధ్యనున్న రెండు గంటల్లోనే సగం నీరు వచ్చిపడుతుంది. మొదటి గంటలో ఏమీ కాలేదు గదా అని నిలిచిపోయినవారిని మోసగించేది ఈ లెక్కయే.

కనుక నియమం ఒక్కటే. నీరు ఇంకా వెనుకకు పోతుండగానే బయలుదేరవలెను. పూర్తిగా తగ్గిన వేళకు తిరుగుముఖం పట్టవలెను. ఉదయం తొమ్మిదింటికి పూర్తి ఆటు అనుకుంటే, ఏడున్నరకు ఇసుకలో దిగి, తొమ్మిది కొట్టగానే గట్టువైపు తిరగాలి. మరునాడు అదే వేళను పట్టుకొని కూర్చోరాదు. ఆటుపోట్లు దినదినం సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. సముద్రపు షిఫ్టు స్థిరమైనది కాదు, జరుగుతూ ఉంటుంది. వేళలను బస చేసినచోటనే అడిగి తెలుసుకోవచ్చు. స్థానిక జాలరులు చెప్పిన మాటను మించిన ప్రమాణం లేదు.

ఇసుకలోని ప్రాచీన అతిథి

నీరు తీసిన ఇసుకలో పిల్లలకు ఒక విచిత్ర ప్రాణి కనిపించవచ్చు. గుర్రపు నాడా ఆకారపు పెంకు, ముల్లువంటి పొడుగాటి తోక. నాడా పీత అని పిలిచినా ఇది పీత కాదు. సాలెపురుగు, తేలు దీనికి దగ్గర చుట్టాలు. రాకాసి బల్లులకంటె ఎంతో ముందే, సుమారు 45 కోట్ల సంవత్సరాల క్రితమే దీని వంశం భూమిమీద ఉన్నది. రాగి కలిగిన దీని రక్తం నీలంగా ఉంటుంది. ఆ రక్తంనుండి తీసిన పదార్థంతో ఇంజెక్షన్లలో సూక్ష్మజీవుల విషం ఉన్నదో లేదో పరీక్షిస్తారు. మన దేశంలో ఇది చట్టరక్షణ పొందిన జీవి. తోక పట్టుకొని ఎత్తితే దానికి హాని కలుగుతుంది. వెల్లకిల పడి ఉంటే పెంకు అంచులు పట్టి బోర్లించి విడిచిపెట్టడమే మర్యాద.

ఎప్పుడు, ఎట్లా?

అక్టోబరు చివరినుండి మార్చి ఆరంభం వరకు వాతావరణం అనుకూలం. జంషెడ్‌పూర్ ఘనంగా జరుపుకునే మార్చి 3 వ్యవస్థాపక దినోత్సవం దాటితే ఎండ ముదురుతుంది. మే నెలలోను, అక్టోబరు, నవంబరు నెలల్లోను తుఫాను వార్తలు విననిదే బయలుదేరరాదు. 2021 మే 26న బాలాసోర్‌కు దక్షిణాన తీరాన్ని దాటిన ‘యాస్’ తుఫాను నాడు దీఘా వీధులలోకి సముద్రం చొచ్చుకువచ్చినది.

ఆటు లేని వేళను వృథా అనుకోనక్కరలేదు. బుఢాబలంగ నది సముద్రంలో కలిసే బలరామ్‌గడి దగ్గరలోనే ఉన్నది. జాలరుల పడవలు చేరే వేళకు వెళితే తాజా చేపలు దొరుకుతాయి. బాలాసోర్ చెంతనున్న రెమునాలో క్షీరచోర గోపీనాథుని ఆలయంలో క్షీరప్రసాదం లభిస్తుంది. ఇంతకుమించి జాబితా పెంచుకోవడం అవివేకం. ఏడాది పొడుగునా గడియారం వెంట పరుగెత్తిన కుటుంబం సెలవులో కూడా పది చోట్ల హాజరు వేయించుకోవలసిన అవసరం లేదు.

నీరు తిరిగి గట్టును తాకేవరకు పెద్దలూ పిల్లలూ ఒకచోట కూర్చొని చూడడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఏ షిఫ్టూ విడదీయని ఆ మూడు నాలుగు గంటలకోసమే ఈ 200 కిలోమీటర్ల ప్రయాణం.