బైపీసీ తరువాత ఆ మూడు సబ్జెక్టులు

నీట్‌లో ర్యాంకు రాని ఇంట డిగ్రీ అనే మాట తరచు నిట్టూర్పుతోనే వినిపిస్తుంది. వైద్యవిద్య చేజారింది గనుక ఇక ఏది చదివినా ఒకటేనన్న భావం పెద్దల్లో స్థిరపడుతుంది. ఆ నిర్లిప్తతలోనే ‘దోస్త్’ దరఖాస్తును ఏ ఇంటర్నెట్ సెంటరు వారికో అప్పగించి వస్తారు. పిల్లల మూడేళ్ళ చదువు ఆ పది నిమిషాల్లో నిర్ణయమైపోతుంది.

ఫిల్మ్‌నగర్ నుండి ఒక సోదరుడు ఈ శీర్షికకు ఉత్తరం రాశారు. ఆయన షూటింగుల్లో లైట్‌మన్. కుమార్తె బైపీసీ పూర్తి చేసింది. జీవశాస్త్రం బోధించే ఉపాధ్యాయిని కావాలని ఆమె కోరిక. బంధువులేమో రసాయనశాస్త్రం కష్టమనీ, దానికి బదులు కంప్యూటర్ అప్లికేషన్స్ ఉన్న కూర్పు తీసుకుంటే ఉద్యోగం త్వరగా వస్తుందనీ అంటున్నారట. “మౌలానా సాబ్, ముందు ఏదో ఒకటి తీసుకుని తరువాత మార్చుకోవచ్చు గదా?” అన్నది ఆయన ప్రశ్న.

మార్చుకోవడం అంత తేలిక కాదు. అమెరికా కళాశాలల్లో విద్యార్థి మొదటి సెమిస్టరులో జీవశాస్త్రంతో పాటు చరిత్రనో సంగీతాన్నో రుచి చూసి, ప్రధాన విషయాన్ని నెమ్మదిగా ఖరారు చేసుకోగలడు. మన వద్ద 2016లో మొదలైన దోస్త్ విధానంలో కళాశాలనూ, సబ్జెక్టుల కూర్పునూ వెబ్ ఆప్షన్ల నాడే కలిపి ఎంచుకోవాలి. ఆప్షన్లు పెట్టిన వరుసా, ఇంటర్ మార్కులూ చూసి సీటు కేటాయిస్తారు. కనుక మొదటి సెమిస్టరులో ఏమి చదవాలన్న ప్రశ్నకు జవాబు తరగతులు మొదలుకాక ముందే ఇవ్వవలసి ఉంటుంది.

ఈ అమ్మాయి విషయంలో నా అభిప్రాయం స్పష్టం: వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం. ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చేయాలంటే డిగ్రీలో ఆ సబ్జెక్టు ఉండాలి; జంతుశాస్త్రానికీ, రసాయనశాస్త్రానికీ ఇదే నియమం. పైగా రసాయనశాస్త్రం లేకుండా జీవకణంలో జరిగే పనిని అర్థం చేసుకోవడం, వ్యాకరణం లేకుండా అరబీ చదవడం వంటిది. కంప్యూటరును సెలవుల్లోనైనా నేర్చుకోవచ్చు. ప్రయోగశాలను ఇంట్లో పెట్టుకోలేము. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ కూర్పులు కూడా మంచివే. అయితే అవి ఆసుపత్రి ప్రయోగశాలలు, మందుల కంపెనీల వైపు చూసేవారికి ఎక్కువ ఉపకరిస్తాయి.

కప్పలను కోయవలసి వస్తుందని కొందరు తల్లులు జంకుతారు. జంతుశాస్త్ర ప్రయోగాల్లో జీవులను కోయడాన్ని యూజీసీ 2014లోనే నిషేధించింది. ఆడపిల్లకు ఇలాంటి చదువెందుకని అడిగే పెద్దలకు మరొక మాట. రక్తం గుండె కుడి భాగం నుండి ఊపిరితిత్తుల గుండా ఎడమ భాగానికి చేరుతుందని పదమూడవ శతాబ్దంలో వివరించిన ఇబ్నె నఫీస్, షాఫియీ ఫిఖ్‌హ్ బోధించిన పండితుడు కూడా.

ద్వితీయ భాషను మనవాళ్ళు మార్కుల లెక్కతో ఎంచుకుంటారు. అరబీ పాఠాలు చెప్పే నేను అరబీ తీసుకోమంటానని ఆ సోదరుడు అనుకుని ఉండవచ్చు. కళాశాలలో బోధించేవారు ఉండి, అమ్మాయికి నిజంగా ఆసక్తి ఉంటే సంతోషమే. కానీ రేపు తెలుగు బడిలో కిరణజన్య సంయోగక్రియను వివరించవలసిన అమ్మాయికి మంచి తెలుగు కావాలి. ఆమె తెలుగు తీసుకుంటే నాకు ఏమాత్రం అసంతృప్తి ఉండదు.

జూబ్లీహిల్స్‌లోనే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది గదా అని ఆయన ప్రస్తావించారు. 1982లో ఏర్పడిన ఈ సంస్థ దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. పని చేసుకుంటూ చదివేవారికి గొప్ప ఆసరా. కానీ రోజూ కళాశాలకు వెళ్ళగలిగిన అమ్మాయికి, అందునా ప్రయోగాలు ప్రాణమైన సబ్జెక్టులకు, రెగ్యులర్ కళాశాలే మేలు. బేగంపేట ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలకు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుండి మెట్రో నేరుగా ఉంది. కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికైతే అమీర్‌పేటలో రైలు మారి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగాలి. ఆప్షన్లు పెట్టే ముందు ఒక్కసారి ఆమెను వెంటబెట్టుకుని రెండు చోట్లకూ వెళ్ళి, ఏయే కూర్పులు ఉన్నాయో, ప్రయోగశాలలు ఎలా ఉన్నాయో చూసి రండి.

ఇంకొకటి. ఈ కూర్పులో మూడు సబ్జెక్టులకూ ప్రాక్టికల్స్ ఉంటాయి. ఆ రోజుల్లో ఆమె ఇల్లు చేరేసరికి సాయంత్రమవుతుంది, రికార్డులో బొమ్మలు గీసే పని రాత్రికి మిగులుతుంది. ఆ పూట వంటపని ఎవరు చూడాలో తల్లీ, అన్నదమ్ములూ ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది.