వైఫై కార్డు మార్చుకోనివ్వండి

మాసబ్ ట్యాంక్‌లో మా ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. వంటింటి పక్కనున్న చిన్న గదిలో ఇరవై రెండేళ్లుగా డీటీపీ చేస్తున్నాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కవితా సంపుటాలు, డిసెంబరు వస్తే డైరీలు. పనంతా అనూ ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో. ఈ రంగంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, బయటివాళ్లకు ఒక మాట చెప్పాలి. అనూలో కొట్టిన పాత ఫైలును ఆ ఫాంట్లు లేని యంత్రంలో తెరిస్తే తెలుగు అక్షరాల చోట ఇంగ్లిషు గుర్తులు పిచ్చిపిచ్చిగా కనిపిస్తాయి. ఫాంట్లు, కీబోర్డు, ప్రింటరు అన్నీ కుదిరి నమ్మకంగా నడుస్తున్న యంత్రాన్ని మేం అంత తేలిగ్గా వదులుకోం. 2015లో కొన్న నా లాప్‌టాప్ అలాంటిది. ర్యామ్ పెంచాను. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేయించాను. బ్యాటరీ రెండుసార్లు మార్చాను. ఇన్ని మార్పులకు ఒప్పుకున్న యంత్రం, ఒక్క వైఫై కార్డు దగ్గర మొండికేసింది. మొండికేసింది యంత్రం కాదని, దాని కంపెనీ అని తర్వాత తెలిసింది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇంటికి ఫైబర్ నెట్ పెట్టించుకున్నాం. వంద ఎంబీపీఎస్ ప్లాను. కనెక్షన్ ఇచ్చిన అబ్బాయి తన ఫోన్‌లో స్పీడు చూపించాడు, తొంభై పైనే వచ్చింది. అదే గదిలో నా లాప్‌టాప్‌లో పన్నెండు. సాయంత్రం ఏడు దాటితే రెండు, మూడు. రంగుల బొమ్మలున్న పుస్తకం ఫైలు నాలుగు వందల ఎంబీ ఉంటుంది. దాన్ని ప్రెస్సుకు పంపడానికి అరగంట పట్టేది, మధ్యలో తెగితే మళ్లీ మొదటికి. ప్రెస్సులో ప్లేట్లు తీసే ఆయన ఫోన్ మీద ఫోన్ చేసేవాడు. కేబుల్ వేసుకోవచ్చు కదా అంటారేమో, వేసుకున్నాను. రౌటరు హాల్లో ఉంది. మా అత్తయ్యగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఆవిడ నడిచే దారిలో అడ్డంగా తీగ ఉంచలేక వారానికే చుట్టి పెట్టేశాను. యూఎస్‌బీకి పెట్టుకునే చిన్న వైఫై ముక్క కూడా కొన్నాను. అది పక్కకు పొడుచుకుని ఉండి, ఫైళ్ల కట్ట తగిలి విరిగింది. విరుగుతూ పోర్టును కూడా వదులు చేసి పోయింది.

మా పైఅంతస్తులో ఈసీఈ డిప్లొమా చదివే అబ్బాయి ఉన్నాడు. చూసి, "ఆంటీ, మీ కార్డు 2.4 ఒక్కటే పట్టుకుంటది. 5 దానికి కనిపించనే కనిపించదు" అన్నాడు. ఫోన్‌లో చుట్టుపక్కల నెట్‌వర్కుల జాబితా తీసి చూపిస్తే 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ముప్ఫై నాలుగు లెక్క తేలాయి. మా వీధిలో ఫ్లాటుకూ ఫ్లాటుకూ మధ్య చెయ్యి చాపితే అందేంత ఖాళీ. ఆ బ్యాండు మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్. అందులో ఒకదానికొకటి తగలకుండా ఉండే చానళ్లు మూడే: 1, 6, 11. ముప్ఫై నాలుగు ఇళ్లు ఆ మూడింటి మీదే పడ్డాయి. మైక్రోవేవ్ ఓవెన్లు, బ్లూటూత్ కూడా ఆ బ్యాండులోనే. 5 గిగాహెర్ట్జ్ అలా కాదు. 2018 అక్టోబరులో కేంద్రం ఆ బ్యాండులో 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు అక్కర్లేకుండా వాడుకొమ్మని తెరిచింది. అంత విశాలమైన దారి నా గదిలోనే ఉంది, నా రౌటరు దాని మీద కూడా నడుస్తోంది. నా లాప్‌టాప్‌లోని కార్డు 2009 నాటి 802.11ఎన్ ప్రమాణానిది, అందులోనూ చవక రకం. అసలు రోగం అదీ.

అమీర్‌పేటలో ఒక షాపుకు తీసుకెళ్లాను. మూత కూడా తీయకుండా, "మేడమ్, బోర్డు పాతదైపోయింది. కొత్తది తీస్కోండి, దీనికి ఎక్స్‌చేంజ్‌ల రెండు వేలు వేస్త" అన్నాడు. రోజంతా పనిచేసి ఇంటి ఖర్చులో సగం మోస్తున్న యంత్రానికి రెండు వేలట. తిరిగి వచ్చేశాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. కంప్యూటర్ విడిభాగం ఏదైనా అక్కడ దొరక్కపోతే హైదరాబాద్‌లో దొరకదని మా రంగంలో అందరికీ నమ్మకం. మర్నాడు అక్కడికి వెళ్లి ఇంటెల్ ఏఎక్స్ 210 కార్డు పంతొమ్మిది వందలకు కొన్నాను.

వెనక మూతకు పదకొండు స్క్రూలు. డైనింగ్ టేబుల్ మీద తెల్ల గుడ్డ పరిచి పైఅంతస్తు అబ్బాయీ నేనూ కలిసి విప్పాం. కార్డు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు. అగ్గిపెట్టె మీద పెడితే సగం కూడా కప్పదు. ఒక్క స్క్రూతో కూర్చుని ఉంది. స్క్రీను చుట్టూ ఉండే యాంటెన్నాల నుంచి వెంట్రుకంత సన్నటి తీగలు రెండు వచ్చాయి, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. తీగ కొసన జాకెట్టు టిచ్ బటన్ లాంటిదే ఉంటుంది, కాకపోతే ఆవగింజంత. సరిగ్గా నడిమికి పెట్టి గోటితో నొక్కితే టిక్కుమంటుంది. ఏ మాత్రం పక్కకు జరిగినా అంచు నలిగిపోయి ఇక పట్టదు. ముప్ఫై ఏళ్లు జాకెట్లకు హుక్కులు కుట్టుకున్న వేళ్లు కాబట్టి ఆ పని నేనే చేశాను. నన్ను బాధపెట్టింది ఆ తెల్ల తీగ. పాత కార్డుకు నల్ల తీగ ఒక్కటే తగిలించి, తెల్లదాని కొసకు ప్లాస్టిక్ తొడుగు తొడిగి అలాగే వదిలేశారు. రెండు యాంటెన్నాలు పెట్టిన యంత్రంలో, ఒక్కటే వాడే కార్డు వేసి నాకు అమ్మారు. పదేళ్లు ఆ తీగ ఊరికే పడి ఉంది.

కొత్త కార్డు పెట్టి స్విచ్ వేశాం. విండోస్ దాకా వెళ్లనే లేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు: ఈ యంత్రంలో అనుమతి లేని వైఫై పరికరం ఉంది, ఆపేసి దాన్ని తీసేయండి అని. కార్డు తీసేస్తే లాప్‌టాప్ మామూలుగా వెలిగింది. పెడితే ఆగిపోయింది. ఆ కార్డే పైఅంతస్తు అబ్బాయి లాప్‌టాప్‌లో పెడితే మారు మాట్లాడకుండా పనిచేసింది. అతనిది వేరే కంపెనీది. ఇప్పుడా కార్డు అతని దగ్గరే ఉంది.

ఆ కంపెనీ పేరు రాయను, ఇది ఒక్క కంపెనీ చేసిన పని కాదు గనుక. స్విచ్ వేయగానే విండోస్ కంటే ముందు నడిచే బయాస్‌లో ఒక జాబితా పెడతారు. ఏ కార్డుల గుర్తింపు సంఖ్యలు అందులో ఉన్నాయో అవి మాత్రమే లోపలికి రావాలి. అన్యాయం ఎక్కడుందంటే, చిప్ అదే అయినా చాలదు. అదే ఫ్యాక్టరీలో తయారైన అదే చిప్, ఇంకో కంపెనీ కోసం వేసిన సంఖ్యతో వస్తే బయటే నిలబెడతారు. చివరికి సర్వీస్ మాన్యువల్ వెతికి, అందులో రాసిన నంబరుతో ఉన్న పాత కార్డును మళ్లీ పార్క్‌లేన్‌లోనే పట్టుకున్నాను. నీళ్లు పడి పాడైపోయిన ఏదో లాప్‌టాప్‌లోంచి తీసింది. ఆరు వందల యాభై రూపాయలు. రెండు తీగలూ తగిలించాను. లింకు స్పీడు 867 ఎంబీపీఎస్ చూపించింది, నెట్ తొంభై నాలుగు వచ్చింది. నాలుగు వందల ఎంబీ ఫైలు నిమిషంలోపే వెళ్లిపోయింది. ఆ వేళ ప్రెస్సాయనకు నేనే ఫోన్ చేశాను.

కంపెనీలు చెప్పే కారణం ఒకటుంది, దాన్ని కొట్టిపారేయను. వైఫై కార్డు రేడియో. రేడియో ఎంత శక్తితో ప్రసారం చేయవచ్చో ప్రతి దేశంలో నిబంధనలున్నాయి. అమెరికాలో ఎఫ్‌సీసీ చూస్తుంది, మన దగ్గర టెలికం శాఖ కింద డబ్ల్యూపీసీ విభాగం చూస్తుంది. కార్డూ యాంటెన్నా కలిపి పరీక్షించి అనుమతి తెచ్చుకున్నాం, వేరే కార్డు పెడితే ఆ అనుమతి వర్తించదు అంటారు. కానీ కార్డుకు విడిగా అనుమతి తీసుకునే పద్ధతి కూడా ఉంది. పైగా అవే నిబంధనల కింద అదే అమెరికాలో ఈ జాబితా పెట్టకుండా దశాబ్దాలుగా లాప్‌టాప్‌లు అమ్మిన పెద్ద కంపెనీలు ఉన్నాయి. నిబంధన అందరికీ ఒకటే, తాళం మాత్రం కొందరే వేశారు. కాబట్టి ఆ తాళం చట్టం వేయించింది కాదనే నేను అంటాను.

ఇప్పటి లాప్‌టాప్‌లలో ఈ జాబితాల బెడద తగ్గింది. వేరే రెండు బెడదలు వచ్చాయి. సన్నటి లాప్‌టాప్‌లు చాలావాటిలో వైఫై చిప్‌ను బోర్డుకే సోల్డర్ చేసేస్తున్నారు, మార్చే మాటే లేదు. రెండోది ఒక్క అంకె తేడా. ఇంటెల్ ఏఎక్స్ 200, ఏఎక్స్ 201 చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. 200ను సరైన స్లాటు ఉన్న చాలా యంత్రాల్లో పెట్టుకోవచ్చు. 201లో సగం కార్డే ఉంటుంది, మిగతా సగం ప్రాసెసర్, చిప్‌సెట్ వైపు ఉంటుంది. దానికి తగిన ఇంటెల్ బోర్డు లేకపోతే అది పనికిరాదు. ఏఎక్స్ 210, 211 కూడా అంతే. షాపులో 'రెండూ సేమే మేడమ్' అంటే నమ్మకండి.

లాప్‌టాప్‌లో తొందరగా పాతబడే భాగం ఈ కార్డే. 802.11ఎన్ 2009లో వచ్చింది. వైఫై 6కు 2019లో, వైఫై 7కు 2024లో సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలైంది. 6 గిగాహెర్ట్జ్‌లో కింది భాగాన్ని లైసెన్సు లేకుండా ఇస్తామంటూ మన కేంద్రం 2025 మేలో ముసాయిదా విడుదల చేసింది. గాలిలో దారులు తెరుస్తున్నది ప్రజల కోసమైతే, ఆ దారి పట్టుకునే ముక్కను మార్చుకునే వీలు కూడా ప్రజలకు ఉండాలి. లేకపోతే దారి తెరిచిన ప్రతిసారీ నలభై వేలు పెట్టి కొత్త యంత్రం కొనగలిగినవాళ్లకే అది తెరుచుకుంటుంది. నాలాంటి డీటీపీ వాళ్లకు, అన్న వాడిన లాప్‌టాప్‌తో డిప్లొమా చదివే పిల్లలకు అది మూసే ఉంటుంది.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. వస్తువు ఎంత తేలిగ్గా బాగుచేసుకోవచ్చో చెప్పే రిపేరబిలిటీ ఇండెక్స్ మీద భరత్ ఖేరా కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. మంచి పనే. కానీ ముందుగా తీసుకున్నవి స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు. ఫ్రాన్స్ 2021 జనవరిలో ఇలాంటి మార్కులు మొదలుపెట్టినప్పుడు మొదటి జాబితాలోనే లాప్‌టాప్ ఉంది. మన దగ్గర కూడా చేర్చాలి. మార్కులు వేసేటప్పుడు బ్యాటరీ, తెర చూసి ఊరుకోకుండా, వైఫై కార్డు స్లాటులో ఉందా, బయాస్‌లో తాళం ఉందా అని కూడా చూడాలి. తాళం ఉంటే ఆ మాట డబ్బా మీద తెలుగులో, హిందీలో, పెద్ద అక్షరాలతో ముద్రించాలి. ముద్రణ నా వృత్తి, ఆ ఒక్క వాక్యానికి డబ్బా మీద చోటు ఉంటుందని నాకు తెలుసు.

అంతవరకు మీరు చేయగలిగింది ఒకటుంది. లాప్‌టాప్ కొనేటప్పుడు కౌంటర్ దగ్గర ధర అడగడానికి ముందే అడగండి: వైఫై కార్డు స్లాటులో ఉందా, బోర్డుకు అతికించారా? రేపు వేరే కార్డు పెడితే ఒప్పుకుంటుందా? తెలియదంటే కంపెనీకి ఫోన్ చేయించండి. అప్పటికీ జవాబు రాకపోతే పక్క షాపుకు వెళ్లండి.