ఫోను మీద మోపిన హత్యలు

2025 మార్చి నెలాఖరున అమీన్‌పూర్‌లో ముగ్గురు పసివాళ్ళు ఒకే రాత్రి కన్నుమూశారు. మొదట పెరుగన్నంలో విషం కలిసిందన్నారు. తరవాత పోలీసులు చెప్పిన కథనం వేరు. పదవ తరగతి పూర్వవిద్యార్థుల కలయికలో తిరిగి తారసపడిన సహాధ్యాయితో ఫోను మీద పెరిగిన బంధం కోసం, కన్నతల్లే ఆ బిడ్డలకు ఊపిరాడకుండా చేసిందని. అదే ఏడాది జూన్‌లో జీడిమెట్లలో ఒక తల్లి తన ఇంట్లోనే హత్యకు గురైంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన యువకునితో కలిసి పదవ తరగతి చదివే కూతురే ఈ పని చేసిందని పోలీసుల అభియోగం.

ఇటువంటి వార్త వచ్చిన ప్రతిసారీ మా దిల్‌సుఖ్‌నగర్‌లో టీ కొట్టు నుంచి మెట్రో మెట్ల దాకా వినిపించే తీర్పు ఒక్కటే: "అన్నిటికీ ఆ ఫోనే కారణమండీ!" అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. ఈ తీర్పుతోనే నాకు పేచీ.

ఇది కొత్త తీర్పు కూడా కాదు. 2007లో ముంబయిలో ఒక పదహారేళ్ళ బాలుడు అపహరణకూ హత్యకూ గురైనప్పుడు దేశమంతా ఆర్కుట్‌ను ఆడిపోసుకుంది. ఆ ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతబడింది. దాంతో హత్యలు మూతబడ్డాయా?

అంత దూరం పోనక్కరలేదు, మన గుమ్మం ముందరే చూద్దాం. 2019లో హయత్‌నగర్‌లో తల్లిని చంపిందన్న అభియోగం మీద ఒక యువతి అరెస్టయింది. ఆమెకు తోడుగా పోలీసులు పేర్కొన్నది పొరుగింటి యువకుణ్ణి. అక్కడ పరిచయం కలిపింది అంతర్జాలం కాదు, ఇరుగుపొరుగు. మరి ప్రహరీ గోడలను నిషేధిద్దామా? 2022 మే నెలలో సరూర్‌నగర్‌లో, మతాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి నడివీధిలో, భార్య కళ్ళెదుటే చంపారు. పట్టుబడినవారిలో ఆమె అన్న ఉన్నాడు. 2023 సెప్టెంబరులో ఎల్బీనగర్‌లో, పెళ్ళికి ఒప్పుకోని యువతి మీద పాత పరిచయస్తుడు ఇంటికొచ్చి కత్తి దూశాడు. ఆమె గాయపడింది, సోదరుడు ప్రాణం విడిచాడు. ఈ మూడింటిలో ఏ పరిచయమూ తెర మీద మొదలు కాలేదు.

అయితే వీటన్నిటినీ కలిపే సూత్రం లేదా? ఉంది. ఏ పత్రిక తిరగేసినా ఒక మాట కనిపిస్తుంది: "అడ్డు తొలగించుకోవడం". తల్లి ప్రేమకు అడ్డు. పిల్లలు కొత్త జీవితానికి అడ్డు. అల్లుడు పరువుకు అడ్డు. తోడబుట్టినవాడు కత్తికి అడ్డు. మనిషిని మనిషిగా కాక అడ్డుగా చూసే ఈ చూపు ఏ యాప్‌లోనూ దిగుమతి కాలేదు. కూతురి ఇష్టం కుటుంబ గౌరవానికి అడ్డు, కోడలి చదువు కాపురానికి అడ్డు అని పొద్దున లేస్తే అనుకునే ఇళ్ళలోనే అది పెరిగింది.

ఫోను పూర్తిగా నిర్దోషి అని నేననను. అది రహస్యానికి చోటిస్తుంది, ఆవేశానికి వేగమిస్తుంది. కానీ రహస్యం అవసరమైనదెందుకు? హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకారంతో విడిపోయే దారి 1976 నుంచీ ఉంది. ప్రత్యేక వివాహ చట్టం 1954 నాటిది. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసే సెక్షన్‌ను 2018లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. చట్టం తెరిచిన ఈ తలుపులన్నిటినీ ఇల్లు మూసేసింది. "నాకు ఈ కాపురం వద్దు" అన్న మాట మన వసారాల్లో బూతు కన్న హీనం. ఇది హంతకులకు వకాల్తా కాదు. నోరు విప్పలేని వేలాదిమంది ఎవరినీ చంపరు, మౌనంగా బతుకుతారు. చంపినవారి నేరం చంపినవారిదే. కానీ కారణాలు వెతుకుతామని బయలుదేరినవాళ్ళం, వెతకవలసిన చోట వెతకాలి కదా!

టీవీల సంగతి చెప్పనే అక్కరలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దు. నిందితురాలు స్త్రీ అయితే "ప్రియుడి మోజులో" అంటారు. పురుషుడైతే "ప్రేమోన్మాది" అంటారు. ఆమెది మోజు, ఇతనిది ప్రేమ! కాదన్న పిల్ల మీద కత్తి దూసినవానికి ప్రేమ అనే మాటను కానుకగా ఇచ్చే భాషను ఏమనాలి?

ఈ తీర్పుల ఫలితం ఎవరి మీద పడుతుందో చూడండి. మా వీధిలో ఒక బాలికల హాస్టల్ ఉంది. నల్గొండ నుంచీ పాలమూరు నుంచీ పోటీ పరీక్షల కోచింగు కోసం వచ్చిన పిల్లలుంటారు. జీడిమెట్ల ఘటన తరవాత అక్కడ రాత్రి తొమ్మిదికల్లా ఫోన్లు ఆఫీసులో అప్పగించాలన్నారు. ఎదురుగా ఉన్న మగపిల్లల హాస్టల్లో ఆ నియమం లేదు. వెంటపడేవాణ్ణి గురించి షీ టీమ్స్‌కు చెప్పాలన్నా, 112కు గానీ 181కు గానీ మొర పెట్టుకోవాలన్నా ఆ పిల్లల చేతిలో ఉన్న సాధనం ఆ ఫోనొక్కటే. కత్తి పట్టేవాణ్ణి వదిలి, కేకవేసే గొంతును నొక్కడం ఏ పాటి వివేకం?

ఫోను లాక్కోవడం సులువు. "నీ మనసులో ఏముందమ్మా?" అని అడిగి, మనకు నచ్చని జవాబు విన్నాక కూడా లేచిపోకుండా కూర్చోవడం కష్టం. మన ఇళ్ళలో జరగవలసింది ఆ కష్టమైన పనే.