ఒడెస్సా రేవు, నల్లగొండ గరిసె

1946వ సంవత్సరము జూలై 4వ తేదీన, నాటి నల్లగొండ జిల్లాలోని కడవెండి గ్రామమున దొడ్డి కొమరయ్య విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకికి బలియయ్యెను. ఆనాటి రైతుల గోడులో లెవీ ధాన్యమొకటి. యుద్ధకాలమున నైజాము ప్రభుత్వము విధించిన ఈ లెవీని పెద్ద భూస్వాములు పటేలు పట్వారీల చలువతో తప్పించుకొనుచుండిరి. నాలుగెకరముల చెలకగల రైతు మాత్రము గరిసె ఊడ్చి కొలిచి ఇయ్యవలసి వచ్చెను. అట్టివాని చెవికి, రష్యాలో దున్నువాడే దొరయన్న మాట తీయగా సోకుటలో వింతయేమున్నది?

ఆ మాట చెప్పినవారి త్యాగమును మేము శంకింపము. కాని అదే యేట ఆ రష్యావారి యేలుబడిలోని ఒడెస్సా నగరమున, దాని చుట్టుపట్ల పల్లెలలో ఏమి జరిగెనో మనవారికి చెప్పినవారు లేరు.

నల్లసముద్రపు ఒడ్డున యుక్రెయినులోనున్న ఈ రేవుపట్టణము 1941 అక్టోబరు మొదలు 1944 ఏప్రిలు వరకు రుమేనియా సేనల చేతిలో నలిగెను. యూదులు వేలకువేలుగ చంపబడిరి. 1945లో స్టాలిను దీనిని వీరనగరమని కీర్తించెను. మరుసటి వేసవిలో వానలు తప్పెను. అయినను ప్రభుత్వమునకు కట్టవలసిన ధాన్యము తగ్గలేదు. ఆ శరత్తునందే సోవియట్టు దేశపు పల్లెపట్టులలో రెండుకోట్లకు పైబడిన జనులకు రొట్టెచీట్లు తీసివేయబడెను. ఒడెస్సా రేవున ఐక్యరాజ్యముల సహాయసంస్థవారి సరుకులు దిగుచుండెను. ఫ్రాన్సునకు ఐదులక్షల టన్నుల ధాన్యము పంపుటకు మాస్కో అంతకుముందే ఒప్పుకొనియుండెను. కరవు బయటపడిన తరువాతను ఎగుమతులు నిలువలేదు.

ఒడెస్సా మండలపు పార్టీ కార్యదర్శి కిరిచెంకో ఒక పల్లెలో తాను చూచిన తల్లినిగూర్చి క్రుశ్చేవునకు చెప్పెను. క్రుశ్చేవు దానిని తన జ్ఞాపకములలో వ్రాసెను. ఆకలి ఆ తల్లిచే తన బిడ్డ శవమును ఏమి చేయించెనో ఇచట వ్రాయుటకు మాకు చేయి రాదు. యుక్రెయిను పార్టీకి పెద్దయైన క్రుశ్చేవు సహాయము కోరగా స్టాలిను కసరుకొనెను. 1947 మార్చిలో ఆ పదవి కగనోవిచ్చునకు పోయెను. ప్రభుత్వ ధాన్యము దొంగిలినవారికి ఇరువదియైదేండ్ల వరకు శిక్ష విధించు శాసనము ఆ జూనులో వచ్చెను. సోవియట్టు దేశమంతట ఈ కరవున చచ్చినవారు పదిలక్షలకు తక్కువకారని చరిత్రకారుల అంచనా.

మా పాఠకులలో భూమిగలవారు ఇది చదివి మీసము దువ్వనక్కరలేదు. నల్లగొండ రైతును మాస్కోవంక చూడజేసినది దేశముఖుల గడీలే. వెట్టి లేకున్న, లెవీ న్యాయముగ పంచబడియున్న, ఆ దూరపుకొండలు అంత నునుపుగ కనబడియుండవు.

కాని ఒక భేదమును మరువరాదు. పాలమూరు బిడ్డడైన సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక 1926లో పుట్టి, నైజాము ఆంక్షల నడుమనే బ్రదికెను; నిరంకుశుని రాజ్యమునందును తెలుగువాని మొర అచ్చెక్కుటకొక సందు మిగిలెను. ఒడెస్సాలో ఆ సందును లేదు. ఎనుబదవ దశకము చివరివరకు ఆ కరవు పేరు కరవని అచట అచ్చుకాలేదు. ధాన్యము కొలుచువాడును, పత్రిక నడుపువాడును, శిక్ష వేయువాడును ఒక్కడే యైనప్పుడు రైతు ఎవరితో చెప్పుకొనును?

1951 ఫిబ్రవరిలో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోషు, డాంగేలు రహస్యముగ మాస్కో చేరి స్టాలినుతో మాటాడిరి. సరిహద్దున మిత్రరాజ్యము లేని తెలంగాణ పోరు నెగ్గుట కష్టమని అతడు చెప్పెను. ఆ అక్టోబరులో పోరు విరమింపబడెను. ఆ సంభాషణల నివేదిక నేడు అచ్చులో నున్నది. అందు గెరిల్లా యుద్ధము గలదు, వ్యవసాయ విప్లవము గలదు. నాలుగేండ్ల క్రిందట ఒడెస్సా పల్లెలలో గింజలేక చచ్చిన రైతుల ప్రసక్తి లేదు.