దారికి అడ్డం నిలిచినవాడు

'సాతాను అడ్డుపడుతున్నాడు పాస్టరుగారూ!' మన సంఘాల్లో తరచూ వినబడే మాట ఇది. స్థలం రిజిస్ట్రేషన్ ఆగినా, కుదిరిన సంబంధం తప్పిపోయినా, కమిటీలో ఒకరు 'వద్దు' అన్నా సాతానే!

అపవాది లేడని నేననడం లేదు. అయితే హెబ్రీ భాషలో 'సాతాను' అన్నది మామూలు మాట కూడా. విరోధి, ఎదురు నిలిచేవాడు అని దాని అర్థం. మన తెలుగు బైబిలులో అలాంటి చోట్ల 'విరోధి' అనే ఉంటుంది గనుక మనం గమనించం. సొలొమోను మీదికి దేవుడు రేపిన ఎదోమీయుడైన హదదుకు ఆ మాటే వాడారు. అతను శత్రువే, సరే. కానీ దావీదు కూడా యుద్ధంలో తమకు అలా మారతాడేమోనని ఫిలిష్తీయుల సర్దారులు భయపడ్డారు. షిమీని చంపుతానన్న అబీషైని, తన కోసం ప్రాణమిచ్చే సొంత మేనల్లుణ్ణి, దావీదు ఆ మాటతోనే గద్దించాడు. అంతెందుకు, బైబిలులో ఆ మాట మొదట కనబడే సంఖ్యాకాండము 22వ అధ్యాయంలో బిలాముకు అలా ఎదురు నిలిచింది సాక్షాత్తూ యెహోవా దూత! కత్తి దూసి నిలబడ్డ దూత గాడిదకు కనబడ్డాడు, ప్రవక్తకు కనబడలేదు. కాపాడుతున్న గాడిదను బిలాము మూడుసార్లు కొట్టాడు.

ఆ వాక్యభాగం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. అయినా నా దాకా వచ్చేసరికి గుర్తు రాలేదు.

చాలా ఏళ్ల క్రితం మందిరం మీద పై అంతస్తు వేయాలనుకున్నాం. ఒక సంఘపెద్ద మాత్రం అప్పు చేసి కట్టొద్దన్నారు, గోడల సంగతి చూపించుకోమన్నారు. ఆ వారం ఉపవాస కూటంలో, దేవుని పనికి అడ్డొస్తున్న సాతానును బంధించమని గట్టిగా ప్రార్థించాను. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, అందరూ ఆయన వైపే చూశారు. (పేరెత్తకుండా చేసే ప్రార్థనలు మరీ గుచ్చుకుంటాయి.) ఆయన తలవంచుకుని 'ఆమేన్' అన్నారు.

తర్వాత ఇంజనీరు వచ్చి, ఆ గోడలు ఇంకో అంతస్తు మోయలేవని తేల్చాడు. ఆ సాయంత్రమే పెద్దాయన ఇంటికి వెళ్లాను. కాఫీ ఇచ్చారు, పిల్లల చదువులు అడిగారు. ఆ ప్రార్థన సంగతి ఆయన ఎత్తలేదు, నాకూ నోరు రాలేదు. మరోసారి వచ్చి అడుగుదాంలే అనుకున్నాను.

రెండేళ్లకు ఆయన భూస్థాపన ఆరాధన నేనే జరిపించాను.