కదలని దేహం, మేలుకున్న మనసు

తెల్లవారుజామున మెలకువ వస్తుంది. గది కనిపిస్తూనే ఉంటుంది. కిటికీ, గోడగడియారం, పుస్తకాల బల్ల ఉన్నచోటనే ఉంటాయి. కాని వేలు కూడా కదలదు. కేక వేయబోతే గొంతు పెగలదు. గుండెల మీద ఎవరో కూర్చుని అదుముతున్నట్లు, గుమ్మంలో ఎవరో నిలిచి చూస్తున్నట్లు తోస్తుంది. కొన్ని క్షణాలు, మహా అయితే కొద్ది నిమిషాలు. అంతలో చెయ్యో కాలో కదులుతుంది, అంతా మాయమవుతుంది. వైద్యులు దీనిని నిద్రా పక్షవాతం అంటారు. పేరు భయపెట్టేదే గాని, ఇది నిజమైన పక్షవాతం కాదు.

మన పల్లెల్లో దీనిని దయ్యం పనిగా చెప్పుకున్నారు. జపానువారు లోహబంధమనే అర్థంలో 'కనాషిబారి' అన్నారు. చిత్రకారుడు హెన్రీ ఫ్యూజెలీ 1781లో, నిద్రిస్తున్న స్త్రీ ఎదపై కూర్చున్న వికృతాకారాన్ని చిత్రించాడు. ఇంతమంది అబద్ధమాడలేదు. వారి వర్ణన సరియైనదే. చెప్పిన కారణమే పొరపాటు.

కనుగుడ్లు వేగంగా కదిలే నిద్రాదశ ఒకటి ఉందని 1953లో చికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. గాఢమైన కలలు ఎక్కువగా వచ్చేది ఆ దశలోనే. కలలో పరుగెత్తేవాడు నిజంగా మంచం దిగి పరుగెత్తకుండా మెదడు కండరాలను సడలించి ఉంచుతుంది. కళ్లకూ, శ్వాసను నడిపే ఉదరవితానానికీ మాత్రం ఆ కట్టడి లేదు. కనుక ఊపిరి ఆగదు. గట్టిగా పీల్చబోతే ఎదకండరాలు సహకరించవు, అందుకే ఆ బరువు. మనసు ముందు మేలుకొని, దేహం ఇంకా ఆ దశలోనే మిగిలితే కల గదిలోకి నడిచి వస్తుంది.

దీనికి తోబుట్టువు వంటిది మరొకటి ఉంది. కల కంటూనే 'ఇది కల' అని తెలుసుకోవడం. దానిని ఎరుక గల కల అనవచ్చు. 1975లో ఇంగ్లండులో కీత్ హెర్న్ పరిశీలించిన వ్యక్తి, కలలో ఉండగానే ముందుగా అనుకున్న రీతిలో కళ్లు కదిలించి సంకేతమిచ్చాడు. దేహమంతా కట్టుబడి ఉన్నా కళ్లు స్వేచ్ఛగా ఉండడం వల్లనే అది సాధ్యమైంది. రెండింటిలోనూ మనసు మేలుకున్నదే, దేహం బంధంలో ఉన్నదే. ఒకచోట మనిషి కలలో మేలుకుంటాడు. మరొకచోట కల మెలకువలోకి చొరబడుతుంది. మొదటివానికి అది కల అని తెలుసు, రెండవవానికి తెలియదు. భయమంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది.

2011లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం సామాన్య జనంలో సుమారు 8 శాతం మందికి, విద్యార్థుల్లో సుమారు 28 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది కలిగింది. పరీక్షల ముందు నిద్ర మానుకునే వయసు గదా! ఎరుక గల కలల మోజులో నడిరేయి గంట పెట్టుకుని లేచి మళ్లీ పడుకునేవారూ ఉన్నారు. ముక్కలైన నిద్ర కోరిన కలకన్నా కోరని బంధాన్నే తెచ్చిపెట్టవచ్చు. ఇది తరచుగా వస్తూ, పగలు ఆపుకోలేని నిద్ర కూడా ఉంటే వైద్యుని చూడవలసిందే. అట్టి విద్యార్థి నవ్వుతారని నోరు మెదపడు; ఇంటివారికి తెలిస్తే తాయెత్తు కడతారు. నిజానికి ఆ క్షణంలో పక్కవారు పేరు పెట్టి పిలిచినా, భుజం తట్టినా చాలా సందర్భాల్లో ఆ కట్టు విడిపోతుంది.