అబ్బా స్టూలుకూ ఓ తస్వీర్

మొన్న ఇత్వార్ నాడు మా బిటియా పెన్సిల్‌తోని ఓ బొమ్మ గీసింది. కుట్టుమిషన్ ముందు మా అబ్బా ముప్పై ఏండ్లు కూసున్న చెక్క స్టూలు. మీద సుత్లీతో కట్టిన పాత చద్దర్ గద్దీ, ఊగకుండ ఓ కాలి కింద పెట్టిన చెక్కముక్క, అంచుల కత్తెర గీతలు. అన్నీ ఉన్నదున్నట్టు.

మా మామూ చూసి నవ్విండు. "గిదేం బొమ్మ బేటీ? చార్మినార్ గియ్యి, తాజ్‌మహల్ గియ్యి. టూటా ఫూటా స్టూల్ల ఏం ఖూబ్‌సూరతీ ఉంది?"

మామూ మాట గలత్ అంటున్న నేను. చార్మినార్ హుస్న్‌కు గవాహీ చెప్పేటోళ్లు లక్షల మంది. మన ఇండ్లల్ల సామాన్‌కే ఎవ్వరు లేరు.

1888ల ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊర్ల వాన్ గో తన కుర్సీ బొమ్మ ఏసిండు. బాద్షాలు కూసునే తఖ్త్ కాదు, గడ్డితో అల్లిన మామూలు కుర్సీ. దాని మీద పైపు, పొగాకు. మనిషి లేడు. కానీ ఇప్పుడే లేచిపోయినట్టు ఉంటది. అదే రోజులల్ల దోస్త్ గోగాన్ కుర్సీ గూడ ఏసిండు. దాని మీద కొవ్వొత్తి, రెండు కితాబులు. ఎవరి కుర్సీ వాళ్ల చెహ్రా లెక్క. ఆ గడ్డి కుర్సీ బొమ్మ ఇయ్యాల లండన్ నేషనల్ గ్యాలరీల ఉంది.

"ఫోటో తీస్తే అయిపోదా?" అంటరు. ఫోటోకు ఒక్క సెకండ్ చాలు. బిటియా ఆ స్టూలు ముందర రెండు గంటలు కూసుంది. లేచి నన్నడిగింది: "దాదా ఎప్పుడూ కుడి దిక్కే ఒరిగి కూసునేదా?" ఔను. మిషన్ చక్రం కుడి దిక్కే ఉంటది. గద్దీ అటే కుంగిపోయింది. అన్నేండ్లల్ల నేను ఒక్కసారి గూడ చూడలే.

సచ్ చెప్పాల్నంటే ఆ స్టూలంటే నాకు షరమ్. మెహమాన్లొస్తే లోపలి అర్రలకు నూకేటోణ్ణి. వచ్చే నెల ఇల్లు మారుతున్నం, అంతల దాన్ని కబాడీకి ఎయ్యాలనుకున్న. అబ్బా మెహనత్ నా కండ్ల ముందు ఉన్నా కానరాలే. పదేండ్ల పిల్ల కాయితం మీద కానొచ్చింది.

ఖూబ్‌సూరతీ అంటే షోరూమ్ సోఫాలే అనుకుంటం. మన గరీబీని దాసిపెట్టుకుంటూ, దాంతో పాటు మనోళ్ల నిషానీలను గూడ దాసేస్తున్నం. మీ ఇంట్ల గూడ అమ్మీ జహేజ్ సందూఖో, నులక మంచమో ఉండే ఉంటది. కబాడీవాలా రాకముందే పిల్లల చేతికి పెన్సిల్ ఇయ్యుండ్రి.

మా స్టూలు మాతోనే కొత్తింటికి వస్తుంది. ఈసారి ముందరర్రలనే ఉంటది.